వెనక కూర్చున్నవాడు

ఉమాపతికి ఒక చిక్కొచ్చి పడింది. ఎదురుగా మూడు డిస్కులున్నాయి. మూడింట్లోనూ అదే పాట, అదే గొంతు. మూడోది అన్నిటికన్నా బాగుందని అతని చెవి ఎప్పుడో తేల్చేసింది. మనసు మాత్రం ఎన్నిసార్లు విన్నా ఊఁ అనడం లేదు.

ఇలాంటి చిక్కు అతనికి మునుపెన్నడూ రాలేదు. కాకినాడ చుట్టుపక్కల సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళకి ఉమాపతి మాటంటే వేదవాక్కు. హై రిజల్యూషన్ డిస్కులని వస్తున్నాయే, మామూలు సీడీలో వినపడని సంగతులన్నీ వినిపిస్తాయంటారే, వాటిలో ఏది కొనాలో ఏది దండగో అతనే చెప్పాలి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాడు గనక యంత్రం సంగతి తెలుసు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నాడు గనక పాట సంగతీ తెలుసు. రెండూ తెలిసినవాడు దొరకడం అరుదు. ఆ సంగతి కూడా అతనికి బాగా తెలుసు.

ఇంట్లో దీనికోసం ఒక గది ప్రత్యేకంగా ఉంది. గోడలకి దళసరి తెరలు, కింద తివాచీ, సరిగ్గా మధ్యలో అతని కుర్చీ. డిస్కు పెట్టాడంటే ముందు ఫ్యాను ఆపేస్తాడు, దాని రొద పాటలో కలుస్తుందని. మే నెలలో కాకినాడలో ఫ్యాను లేకుండా రాగాలాపన వినడం ఎలా ఉంటుందో విన్నవాళ్ళని అడగాలి. అయినా వచ్చేవాళ్ళు వస్తూనే ఉండేవాళ్ళు, తువ్వాళ్ళు వెంట తెచ్చుకుని.

ఇప్పుడు అతని ముందున్న డిస్కులు కొనడానికి వచ్చినవి కావు. మండపేట రత్నాంగి గారి శతజయంతికి సంగీత సభవాళ్ళు తేదలచుకున్నవి. పదాలు పాడడంలో ఆవిడ తరవాతే ఎవరైనా అని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. చెప్పుకోవడమే గాని వినిపించడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడ రికార్డు కంపెనీల గడప తొక్కలేదు. ఎప్పుడో ఒక పెళ్ళి పందిట్లో పాడుతుంటే ఒక అభిమాని పెద్ద టేపు రికార్డరు మీద పట్టాడు. ఆ గొంతుకి లోకంలో మిగిలిన ఆనవాలు అదొక్కటే. ఆ టేపు మొన్నమొన్న ఆ అభిమాని మనవల దగ్గర బయటపడింది.

సభవాళ్ళు దాన్ని చెన్నైలో ముగ్గురి చేతికిచ్చి బాగుచేయించారు. ముగ్గురూ తలో డిస్కు మచ్చుకి పంపారు. ఉమాపతి ఏది బాగుందంటే అదే ఖాయం. ఇకమీద పుట్టేవాళ్ళకి రత్నాంగి గారంటే ఆ డిస్కే. వెనక అట్ట మీద ‘ధ్వని ఎంపిక: ఉమాపతి’ అని వేస్తామని కార్యదర్శి అన్నారు. ఉమాపతి వద్దనలేదు. ఒకసారి మొహమాటానికి కూడా వద్దనలేదు.

మొదటి డిస్కులో టేపు ఉన్నదున్నట్టుగా ఉంది. పాట పొడుగునా వెనక జల్లు పడుతున్నట్టు రొద. రెండోవాళ్ళు ఆ రొద సగం తీశారు, దాంతోపాటు గొంతులో పదును కూడా సగం పోయింది. మూడోది మాత్రం అద్భుతం. రొద అనేది లేదు. ఆవిడ గాజులు కదిలితే వినిపిస్తాయి, పెదవి విడివడితే వినిపిస్తుంది. పాట ఒక చోట ఆగి మళ్ళీ ఎత్తుకునే లోపల వచ్చే నిశ్శబ్దం కాటుకలాగా చిక్కగా ఉంది. పెళ్ళి పందిట్లో పట్టిన టేపులోంచి అంత నిశ్శబ్దం ఎలా తీశారో అని ఉమాపతి ఆశ్చర్యపోయాడు.

అయితే ఒక్క సంగతి అతన్ని తినేస్తోంది. ఆ టేపుకి నకలొకటి, అరిగిపోయిన క్యాసెట్టు, అతని గురువు నరహరి మాస్టారి దగ్గర ఉండేది. చిన్నప్పుడు ఆ క్యాసెట్టులో ఇదే పాట విని, ఎవరూ చూడకుండా గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఇప్పుడు ఇంత తేటగా వింటుంటే కంట్లో తడి లేదు. వయసు మీద పడుతోందేమో అనుకున్నాడు. నలభై దాటినవాడు పాట విని ఏడిస్తే ఏం బాగుంటుంది అనీ అనుకున్నాడు. ఏది అనుకున్నా నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు సాయంత్రానికల్లా కార్యదర్శికి మాట చెప్పాలి.

పొద్దున్నే ప్లేయరూ స్పీకర్లూ కారులో పెట్టుకుని పిఠాపురం బయల్దేరాడు. మాస్టారిని అడగాలని వెళ్ళాడు. మూడో డిస్కు వినిపించి మాస్టారి చేత భేష్ అనిపించుకోవాలని కూడా వెళ్ళాడు. ఏది ఎంత పాలో అతనికే తెలియదు.

నరహరి మాస్టారు రత్నాంగి గారి శిష్యులు. కుర్రతనంలో ఆవిడ దగ్గర చేరి, ఆవిడ పోయేదాకా వెనక కూర్చుని తంబుర వేశారు. ఆ తరవాత పిఠాపురంలో ఉండిపోయి పిల్లలకి పాఠాలు చెప్పుకున్నారు. ఆయన దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. పాట నేర్చుకోవాలని ఎవరొచ్చినా ముందు తంబుర చేతికిచ్చి వెనక కూర్చోబెట్టేవారు. రెండేళ్ళు అంతే. పాట తరవాత, ముందు తోడుండడం నేర్చుకో అనేవారు.

ఉమాపతి కూడా అలాగే కూర్చున్నాడు. నాలుగు తంత్రులు వరసగా మీటడం, మళ్ళీ మొదటికి రావడం. పిల్లాడికి అంతకన్నా విసుగు పుట్టించే పని ఇంకోటి ఉండదు. పైగా తంబుర వేసేవాడికి పేరు కూడా ఉండదు. కచేరీలో వయొలిన్ ఎవరో మృదంగం ఎవరో మైకులో చెబుతారు, తంబుర ఎవరని ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఒకసారి మాస్టారు సాధన చేసుకుంటుంటే వెనక కూర్చున్న ఉమాపతి కునికిపాటు పడ్డాడు. చెయ్యి ఆగిపోయింది. మాస్టారు వెనక్కి తిరగలేదు, కోప్పడలేదు.

"ఉమాపతీ, నన్నొక్కణ్ణీ వదిలేసి ఎక్కడికి పోయావురా?" అన్నారు.

ఆ మాట ఆ రోజుకి నవ్వులాటగా పోయింది.

ఇప్పుడు మాస్టారికి ఎనభై నిండాయి. గొంతు పోయింది, చెవి కూడా కాస్త దూరమైంది. చెవిలో పెట్టుకునే మిషనొకటి కూతురు కొనిచ్చింది. అవసరమైనప్పుడు చెవిలోనూ, లేనప్పుడు చొక్కా జేబులోనూ ఉంటుంది. ఏది అవసరమో ఆయనే నిర్ణయించుకుంటారు. ఉమాపతి వెళ్ళేసరికి ఆయన భార్య కాత్యాయని గారు గుమ్మంలోనే సంగతి చెప్పేశారు. "మిషను జేబులో ఉంది నాయనా. ఇందాక మా ఆడపడుచు ఫోను చేసింది."

మాస్టారు ఉమాపతిని చూసి మొహమంతా నవ్వు చేసుకున్నారు. మిషను తీసి చెవిలో పెట్టుకున్నారు. ఉమాపతికి ఆ ఒక్క పనితోనే కడుపు నిండిపోయింది.

స్పీకర్లు గోడకి ఎంత దూరంలో ఉండాలో చూసి పెట్టాడు. మాస్టారి కుర్చీ సరైన చోటికి జరిపాడు. కిటికీలు మూశాడు, ఫ్యాను ఆపాడు. మాస్టారు అన్నీ చూస్తూ కూర్చుని, చివరికి తాను ఊపిరి తీసుకోవచ్చా అని అడిగారు. లోపలి నుంచి కాత్యాయని గారు నవ్వడం వినిపించింది.

అప్పుడు ఉమాపతి డిస్కుల సంగతి మొదలుపెట్టాడు. మామూలు సీడీలో ధ్వనిని సెకనుకి ఎన్ని ముక్కలుగా కొలుస్తారో, వీటిలో ఎన్ని ముక్కలుగా కొలుస్తారో, దానివల్ల ఏమేం బయటపడతాయో పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. మాస్టారు తల ఊపుతూనే ఉన్నారు. ఉమాపతి చెప్పడం ఆపాక కూడా ఊపుతూనే ఉన్నారు. అప్పుడు చూస్తే మిషను జేబులో ఉంది.

"పాట పెట్టరా" అన్నారు మాస్టారు, దాన్ని మళ్ళీ చెవిలో పెట్టుకుంటూ.

ఉమాపతి మొదటి రెండూ పక్కన పెట్టి మూడో డిస్కు పెట్టాడు. మంచిది ముందు వినిపించాలని అతని తొందర.

క్షణం నిశ్శబ్దం. తరవాత ఆ గొంతు. ముఖారి రాగం, నింపాదిగా ఒక్కో స్వరం మీద ఆగి, వెళ్ళబుద్ధి కాక వెళుతున్నట్టు. గదిలో ఆవిడే వచ్చి కూర్చున్నట్టుంది. గాజుల చప్పుడు వచ్చినప్పుడు ఉమాపతి మాస్టారి వంక చూశాడు, గమనించారా అన్నట్టు.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి ఆయన కుడిచెయ్యి మోకాలి మీద మెల్లగా కదిలింది. వేళ్ళు పంచె మీద ఏదో మీటుతున్నాయి. ఇంకాసేపటికి కళ్ళు తెరిచి, ఏదో పెట్టి మరిచిపోయినవాడిలా అటూ ఇటూ చూశారు. పాట జరుగుతూనే ఉంది. ఆయన కుర్చీలోంచి లేచారు. ఉమాపతి చెయ్యి అందించబోతే వద్దని సైగ చేసి, గోడ పట్టుకుని మూల దాకా నడిచారు. అక్కడ గుడ్డ తొడుగులో తంబుర నిలబెట్టి ఉంది. తొడుగు విప్పారు. తంబుర పట్టుకుని మెల్లగా తిరిగొచ్చారు.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చోలేదు. రెండు స్పీకర్ల వెనక, గోడకీ వాటికీ మధ్య ఉన్న కాస్త జాగాలో, కింద కూర్చున్నారు. ఆ వయసులో కింద కూర్చోవడానికి ఎంత కష్టపడ్డారో చూస్తే ఉమాపతికి బాధేసింది. మాస్టారు బిరడాలు తిప్పి రత్నాంగి గారి శ్రుతికి సరిచేశారు. నాదం నిండుగా పలికేలా తంత్రుల కింద దారం కొద్దిగా జరిపారు. మీటడం మొదలుపెట్టారు.

ఉమాపతి కాసేపు ఓర్చుకున్నాడు. ఇంత దూరం మోసుకొచ్చింది, కిటికీలు మూసింది, ఫ్యాను ఆపింది ఆ నిశ్శబ్దం వినిపించడానికి. ఇప్పుడు దానినిండా తంబుర నాదం. ఇక ఆగలేక, సాధ్యమైనంత మెత్తగా అడిగాడు.

"మాస్టారూ, మనం డిస్కు ఎలా ఉందో వింటున్నాం కదండీ. మధ్యలో తంబుర ఎందుకండీ?"

మాస్టారు చెయ్యి ఆపలేదు.

"అమ్మ ఒక్కతే పాడుతోందిరా" అన్నారు.

రత్నాంగి గారిని ఆయన ఎప్పుడూ అమ్మ అనే అనేవారు.  పెద్దాయనకి మతి తప్పుతోందేమో, డిస్కుకీ మనిషికీ తేడా తెలియడం లేదేమో అనుకున్నాడు ఉమాపతి. ఎందుకైనా మంచిదని ప్లేయరు దగ్గరికెళ్ళి పాట మళ్ళీ మొదటికి తెచ్చాడు.

మాస్టారి తంబుర మోగుతూనే ఉన్నా, స్పీకర్లలో మాత్రం మొదట ఆ నిశ్శబ్దం. కాటుకలాంటి నిశ్శబ్దం. తరవాత గొంతు.

అతను అక్కడే నిలబడిపోయాడు.

టేపులో రొద ఎలా తీస్తారో అతను క్లాసులో పాఠం చెప్పినవాడే. పాట మొదలయ్యే ముందు ఖాళీగా ఉన్న ముక్క ఒకటి మచ్చుకి తీసుకుంటారు. ఇదిగో, ఇలాంటిది ఎక్కడున్నా తీసెయ్యి అని యంత్రానికి చెబుతారు. అది మొదటి నుంచి చివరి దాకా వెతికి తీసేస్తుంది. కానీ ఆ పెళ్ళి పందిట్లో, రత్నాంగి గారు నోరు తెరిచే ముందు, ఖాళీ ఎక్కడుంది? ఏ పాటకైనా ముందు మోగేది తంబురే కదా. ఆ బాగుచేసినవాడెవరో దాన్ని కూడా రొద అనుకున్నాడు. ఆగకుండా ఒకేలా మోగుతుంది గనక యంత్రానికీ అలాగే అనిపించింది. జల్లుతోపాటు తంబురనీ పాట పొడుగునా ఊడ్చేశారు.

ఊడ్చినవాడి తప్పు ఎలాగూ ఉంది. ఉమాపతిని కాల్చింది అది కాదు. ఆ డిస్కు అతను ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. గాజులు విన్నాడు, పెదవులు విన్నాడు, నిశ్శబ్దాన్ని కూడా మెచ్చుకున్నాడు. తంబుర లేదని అతని చెవికి తట్టలేదు. రెండేళ్ళు వెనక కూర్చుని తంబుర వేసినవాడు. ఆ పందిట్లో ఆవిడ వెనక కూర్చున్నది మాస్టారేనని తెలిసినవాడు. ఆ మాస్టారిని ఆ పాటలోంచి తుడిచేసి, తీసుకొచ్చి ఆయనకే వినిపిస్తున్నాడు, భేష్ అంటారని.

మాస్టారు మాత్రం తనని తుడిచేశారని అనలేదు. అమ్మ ఒక్కతే పాడుతోందన్నారు.

ఉమాపతి మూడో డిస్కు తీసి మొదటిది పెట్టాడు. 

జల్లు మొదలైంది. మాస్టారు మీటుతూనే ఉన్నారు. ఆ జల్లు అడుగున, చెవి ఒగ్గి వింటే, నాలుగు తంత్రులు. మొదటిది, రెండోది, మూడోది, కాస్త ఆగి నాలుగోది. ఆ ఆగడం ఉమాపతికి తెలుసు. మాస్టారు ఇప్పటికీ అలాగే ఆగుతారు. అప్పుడాయనకి పాతికేళ్ళు కూడా ఉండి ఉండవు.

గొంతు అందుకుంది. పాట ఒక స్వరం మీద నిలబడి వదిలినప్పుడు కింద నిశ్శబ్దం లేదు, తంబుర ఉంది. ఆవిడ ఆగిన చోట అది పట్టుకుని ఉంది.

మాస్టారి చెయ్యి ఆగింది. తల కాస్త పక్కకి వంచి విన్నారు. తరవాత తంత్రుల మీద అరచెయ్యి ఆనించి, తంబుర ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు.

"ఇంక నాతో పనిలేదు. వాడొచ్చాడు" అన్నారు.



"కచేరీలో అమ్మ ఒక్కసారి కూడా నా వైపు తిరిగి చూసేది కాదు" అన్నారు మాస్టారు, తంబుర నిమురుతూ. ఆ మాటలో ఫిర్యాదు లేదు, ఎంతో ముద్దుగా చెప్పారు. "ఉన్నానని తెలుసు."

ఉమాపతి గోడ వైపు తిరిగాడు. మాస్టారు చూడనట్టే ఊరుకున్నారు.

పాట సగంలో ఉండగా అతని జేబులో ఫోను మోగింది. తీసి చూడకుండానే నొక్కి ఆపేశాడు. పాట అయ్యాక తనే చేశాడు. అవతల సభ కార్యదర్శి. సాయంత్రం దాకా ఆగలేకపోయారట. మూడోదేనా అని అడిగారు, ఉమాపతి ఆ డిస్కుని ఇంతకు ముందు ఎంత పొగిడాడో ఆయనకి గుర్తుంది.

"కాదండీ, మొదటిది" అన్నాడు ఉమాపతి.

ఆయన నమ్మలేదు. అందులో అంత రొద ఉంది కదా, కొనేవాళ్ళు ఏమంటారు అన్నారు. రొద ఉంటే ఉండనివ్వండి, దాన్ని తీయబోతే తంబుర పోతుంది అని ఉమాపతి చెప్పాడు. ఆయన సంగీతం తెలిసిన మనిషే. ఆ మాట విన్నాక ఒక్క నిమిషం ఉండమని ఫోను పక్కన పెట్టారు, తన దగ్గరున్న మూడోది తెచ్చి మళ్ళీ విన్నారో ఏమో. తరవాత సరేనన్నారు. అట్ట మీద పేరు ఇంటి పేరుతో కలిపి వెయ్యాలా అని అడిగారు. అసలు తన పేరే వెయ్యొద్దని ఉమాపతి అన్నాడు. ఆయన బతిమాలబోయారు గాని, ఉమాపతి నమస్కారం చెప్పి పెట్టేశాడు.

మాస్టారు స్పీకర్ల వెనక నుంచి అంతా విన్నారు. మిషను చెవిలోనే ఉంది.

"పేరెందుకు వద్దన్నావు?"

"వెనక కూర్చున్నవాడికి పేరుండదు కదండీ" అన్నాడు ఉమాపతి.

మాస్టారు అతన్ని చాలాసేపు చూశారు. ఒకప్పుడు తన వెనక కునికిపాట్లు పడ్డ పిల్లాడిని వెతుక్కుంటున్నట్టు చూశారు. తరవాత చెయ్యి చాపారు. ఉమాపతి తంబుర అందుకుని జాగ్రత్తగా గోడకి ఆనించి, ఆయన్ని లేవదీసి, కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ముందా ఫ్యాను వెయ్యరా, ఉడికిపోతున్నాం" అన్నారు మాస్టారు, కండువాతో మెడ తుడుచుకుంటూ. "కిటికీలు కూడా తియ్యి. తీసి, పాట మళ్ళీ పెట్టు."

ఉమాపతి ఫ్యాను వేశాడు. కిటికీలు తీశాడు. వీధిలో ఎవరో ఉప్పు బస్తాల బండి తోలుకుపోతున్నారు. పాట మొదటికి తెచ్చి, ఎక్కడ కూర్చోవాలా అని ఒక్క క్షణం చూసి, మాస్టారి కుర్చీ వెనక కింద చతికిలబడ్డాడు.

మాస్టారు వెనక్కి తిరగలేదు.

"ఈసారి ఇద్దరం విందాం" అన్నారు.